దసలి పట్టుపురుగు, పెబ్రిన్ రోగం, కణంలోని కాపుదల

ఉత్తర తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ అడవుల గిరిజనులు తరతరాలుగా సాగించిన దసలి పట్టుకాయల పెంపకంలో పురుగును, మల్బరీ పట్టులో మాదిరి ఇంటి నీడన తట్టల్లో కాక, నల్లమద్ది, తెల్లమద్ది చెట్ల మీదే ఎండకూ వానకూ వదిలి పెంచుతారు కనుక, దాని ఒంట్లోని ఓర్పే ఆ వృత్తికి ప్రధానమైన పెట్టుబడి. పక్షులను కాపలా కాసి తోలవచ్చు గాని పెబ్రిన్ రోగాన్ని తోలడం సాధ్యం కాదు. కణం లోపల మాత్రమే వృద్ధి చెందే మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవులు కలిగించే ఈ రోగం ఆకు ద్వారానే గాక తల్లి నుంచి గుడ్డుకూ సంక్రమిస్తుంది.

ఈ కోవ రోగమే పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు మల్బరీ పట్టును కుదేలు చేయగా, లూయీ పాశ్చర్ 1865లో ఆలెస్‌కు వెళ్లి పరిశోధన ఆరంభించి, గుడ్లు పెట్టిన తల్లి చిమ్మటను నూరి సూక్ష్మదర్శినిలో పరీక్షించి, రోగబీజాలు కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేసే పద్ధతిని స్థిరపరిచాడు. నేటికీ పట్టుగుడ్ల ఉత్పత్తి కేంద్రాలు అనుసరిస్తున్నది ప్రధానంగా ఆ పద్ధతినే. నిజానికి ఇది చికిత్స కాదు, ఏరివేత. పురుగు తనంతట తాను ఎలా పోరాడుతుందన్న ప్రశ్నను పాశ్చర్ పద్ధతి తాకనే లేదు.

ఆ ప్రశ్నకు కొంత సమాధానం మరో జీవి నుంచి, చాలా ఆలస్యంగా వచ్చింది. సిడ్నీ బ్రెన్నర్ 1960లలో పరిశోధనకు ఎంచుకున్న సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవున్న పారదర్శకమైన నులిపురుగులో, 2008లో నెమటోసిడా పారిసీ అనే మైక్రోస్పోరిడియా జాతిని వర్ణించారు. కణంలో ప్రత్యేక పనులు చేసే చిన్న భాగాలను కణాంగాలంటారు. వాటిలో 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ గుర్తించిన లైసోజోములు జీర్ణరసాలు నిండిన సంచులు. ఈ నులిపురుగు పేగు కణంలోకి పరాన్నజీవి చొరబడినపుడు కణం దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీనును గుర్తుగా అతికించి, స్వభక్షణ ప్రక్రియ ద్వారా పొరలో చుట్టి లైసోజోముకు చేర్చే ప్రయత్నం చేస్తుందని, దానివల్ల రోగం అణగకపోయినా అదుపులో ఉంటుందని 2014లో తేలింది.

అయితే పరాన్నజీవి కూడా తక్కువ తిన్నది కాదు. అది కణం సొంత రవాణా సంచులనే వాడుకొని, కణాన్ని చీల్చకుండా పేగులోకి జారుకుంటుంది. దసలి పురుగులోనూ రోగబీజాలు మలంతో బయటపడి కింది కొమ్మల ఆకుల మీద రాలుతాయి కాబట్టి, శుభ్రమైన గుడ్ల నుంచి వెలువడిన పురుగులకు కూడా అదే చెట్టు మీద రోగం అంటుకునే అవకాశం ఉంటుంది.