ఔషధాలకు లొంగని బాల్యమూర్ఛ: వేగస్ నాడీ ఉద్దీపన చరిత్రలో కుటుంబ స్థానం

1. ఉపోద్ఘాతం:

వైద్యచరిత్ర చాలావరకు వైద్యుల చరిత్రగా, ఆవిష్కరణల చరిత్రగా రూపొందింది. రోగి ఇల్లు అందులో చికిత్సను స్వీకరించే చోటుగా మాత్రమే కనిపిస్తుంది. మూర్ఛవ్యాధి విషయంలో ఈ దృష్టి చాలదు. బిడ్డకు మూర్ఛ వచ్చే క్షణంలో పక్కన ఉండేది సాధారణంగా వైద్యుడు కాదు, తల్లిదండ్రులు. ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నది వారు చెబితేనే వైద్యశాస్త్రానికి తెలుస్తుంది. మెడలోని వేగస్ నాడిని విద్యుత్తుతో ఉద్దీపింపజేసే పరికరం చరిత్రను ఈ కోణం నుంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. మందుల యుగం – దాని హద్దు:

చరకసంహిత ఈ వ్యాధిని 'అపస్మారం' అన్నది. స్మృతి తొలగిపోవడం అని ఆ పదానికి అర్థం. తెలుగువారి వాడుకలో ఇది మూర్ఛ, కాకిసోమాల, నేడు ఫిట్స్. ఆధునిక ఔషధచికిత్స 1857లో బ్రోమైడుతో మొదలైంది. 1912లో ఫినోబార్బిటాల్, 1938లో ఫెనిటాయిన్ వచ్చాయి. ఆ తరువాత మందులు పెరిగినా, అందరికీ ఫలితం దక్కలేదు. 2000లో క్వాన్, బ్రాడీ ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే మూర్ఛలు ఆగాయి. రెండవ లేదా మూడవ మందుతో ఆగినవారు 14 శాతమే. సరిగా ఎంచుకొన్న రెండు మందులు విఫలమైతే దానిని ఔషధనిరోధక మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సంఘం 2010లో నిర్వచించింది. మూడవ మందు కోసం ఎదురుచూస్తున్న కుటుంబానికి శస్త్రచికిత్స ప్రస్తావన ఎదురయ్యేది ఇక్కడే.

3. పరికర పరిణామం:

మెదడుకు రక్తం అధికంగా చేరడమే మూర్ఛకు కారణమని భావించిన న్యూయార్క్ వైద్యుడు జేమ్స్ కార్నింగ్, 1880లలో మెడలోని ధమనిని నొక్కుతూ వేగస్ నాడికి విద్యుత్తు అందించే ప్రయత్నం చేశాడు. ఫలితాలు నిలవక ఆ పద్ధతి మరుగున పడింది. వేగస్ ఉద్దీపన మెదడు విద్యుత్ తరంగాలను మారుస్తుందని 1938లో బెయిలీ, బ్రెమర్ పిల్లులపై ప్రయోగాలతో చూపారు. 1980లలో టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేకబ్ జబారా ఈ మార్గంలో కుక్కలలో మూర్ఛలను ఆపగలిగాడు. 1988లో నార్త్ కరోలినాలో తొలిసారిగా మనిషికి పరికరాన్ని అమర్చారు.

ఎడమ కాలరెముక కింద చర్మం లోపల ఉంచే ఈ చిన్న యంత్రం నుంచి ఒక తీగ మెడలోని ఎడమ వేగస్ నాడిని చేరుతుంది. సాధారణంగా 30 సెకన్ల ఉద్దీపన, 5 నిమిషాల విరామం చొప్పున పని చేస్తుంది. మూర్ఛ మొదలవుతున్నట్లు గుర్తిస్తే ఇంటివారు యంత్రంపై అయస్కాంతాన్ని కదిపి అదనపు ఉద్దీపన ఇవ్వగలరు. అంటే చికిత్సలో కొంత భాగం ఇంటివారి చేతికే వచ్చింది.

4. ఇంటి లెక్క – శాస్త్రపు లెక్క:

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997లో 12 ఏళ్లు, అంతకుమించిన వయసువారికే దీనిని అనుమతించింది. అందుకు ఆధారమైన పరీక్షలలో ఒకదానిలో, మూడు నెలల ఉద్దీపన తరువాత అధిక మోతాదు వర్గంలో మూర్ఛలు సగటున 28 శాతం, అల్ప మోతాదు వర్గంలో 15 శాతం తగ్గాయి. ఈ అంకెల వెనుక ఉన్నది రోగులు, వారి కుటుంబాలు రాసుకొన్న రోజువారీ లెక్కలే.

నాలుగేళ్ల పిల్లలకు అనుమతి 2017లో గాని రాలేదు. ఆ ఇరవై ఏళ్లలో చిన్నపిల్లలకు దీనిని అమర్చిన ప్రతిసారీ, అనుమతి పరిధికి వెలుపలి నిర్ణయంలో తల్లిదండ్రులు భాగస్వాములయ్యారు. వారు తూచవలసినవి తక్కువ కావు: గొంతు బొంగురుపోవడం, దగ్గు, బ్యాటరీ అయిపోయినప్పుడు మరో శస్త్రచికిత్స. పైగా ఇది వ్యాధిని నయం చేసేది కాదు. నెలకు 30 మూర్ఛలు 15 అయితే వైద్యపరిభాషలో అది విజయం. ఇంటికి మిగిలిన ఆ 15 కూడా నిజమే.

5. తెలుగు సందర్భం:

లెక్క రాయాలంటే ముందు వ్యాధిని ఒప్పుకోవాలి. మన సమాజంలో అది సులభం కాదు. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టడం అందరికీ తెలిసిన ఆచారం. వ్యాధి పేరు బయట చెప్పకపోవడమూ అంతే. 1976 సవరణ హిందూ వివాహచట్టంలో పదేపదే వచ్చే మూర్ఛను వివాహానికి అనర్హతగా చేర్చింది. 1999 సవరణ దానిని తొలగించింది. ఆ 23 ఏళ్లు, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో, ఇంట్లో ఉన్న మూర్ఛల లెక్క చికిత్సకు ఆధారమే కాక, పెళ్లిని రద్దు చేయించగల సాక్ష్యం కూడా. చాలా ఇళ్లలో ఆ రాత లేకపోవడాన్ని అజ్ఞానంగా కాక, ఆత్మరక్షణగా చదవవలసి ఉంది.

6. ముగింపు:

వేగస్ నాడీ ఉద్దీపన చరిత్రలో కుటుంబం చికిత్సను స్వీకరించిన పక్షం మాత్రమే కాదు. ఆధారాన్ని సమకూర్చిన పక్షం, నిర్ణయపు భారం మోసిన పక్షం కూడా. నాలుగేళ్ల బిడ్డ తరఫున తల్లిదండ్రులు చేసిన సంతకం చివరిది కాదు. బ్యాటరీ మార్చవలసిన ప్రతిసారీ ఆ ప్రశ్న తిరిగి వస్తుంది. ఏదో ఒకనాడు దానికి బదులు చెప్పవలసింది ఆ బిడ్డే. తెలుగు ఇళ్లలో మిగిలి ఉన్న క్యాలెండర్లు, నోటుపుస్తకాలు, మందుచీటీలు ఈ చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. గోప్యతకు భంగం కలగకుండా వాటిని సేకరించడం మన పరిశోధకుల ముందున్న పని.