ఇరవై ఎనిమిది రోజుల లెక్క ఎక్కడ పుట్టింది?

నెలసరి ఎన్ని రోజులకొకసారి రావాలి? సూళ్లూరుపేటలో తొమ్మిదో తరగతి పిల్లనడిగినా, మాంబట్టు, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు షిఫ్టు బస్సెక్కే అమ్మాయినడిగినా ఎక్కువగా వినిపించే జవాబు ఇరవై ఎనిమిది రోజులు. బళ్లో పాఠం అదే చెప్పింది. గర్భనిరోధక మాత్రల అట్ట మీద అన్నే మాత్రలుంటాయి. ఫోన్‌లో యాప్ అయితే మనం ఏమీ చెప్పకముందే ఆ అంకె వేసి కూర్చుంటుంది. అందుకే ముప్పై మూడో రోజున ముట్టయిన పిల్ల తనలో ఏదో లోపం ఉందని లోలోపల నలిగిపోతుంది. నెలనెలా పది రోజులు ఎక్కువగా పోతున్న ఆమె తల్లి మాత్రం తేదీ తప్పడం లేదు కదా అని ఊరుకుంటుంది. భయపడనక్కర్లేని చోట భయం, జాగ్రత్తపడాల్సిన చోట నిబ్బరం. ఏది సహజమో చెప్పే కొలత మనదాకా వచ్చిన దారి తెలుసుకుంటే ఈ రెండూ సర్దుకుంటాయి.

ముష్టి కర్ర పెట్టిన గుడిసె

నిన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది. ఊరికి తూర్పున పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట. రాకెట్లు రాకముందు ఆ దీవి అడవి యానాదులకు ఆధారం. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో యానాదుల ఆచారాలను వివరంగా రాశాడు. పిల్ల పెద్దమనిషయితే విడిగా గుడిసె వేసి అందులో ఉంచేవారట. దయ్యాలు దరిచేరకుండా ఆ గుడిసెలో ముష్టి (విషముష్టి) చెట్టు కర్ర ఒక్కటైనా ఉండాలి. తొమ్మిదో రోజున గుడిసెను తగలబెట్టి, పిల్లకు స్నానంతో మైల తీర్చేవారు.

మిగతా ఇళ్లలో పంచాంగం తెరిచేవారు. ఏ తిథి, ఏ వారం, ఏ నక్షత్రంలో పుష్పవతి అయిందో చూసి ఫలితం చెప్పడం, నక్షత్రం మంచిది కాకపోతే శాంతి చేయించడం ఈనాటికీ ఉంది. ప్రథమ రజస్వల ఫలితాల పట్టిక పంచాంగాల్లో ఇంకా అచ్చవుతూనే ఉంది.

ఆ మొదటి రోజు మీద ఇంత శ్రద్ధ పెట్టిన పెద్దలు, ఆ తర్వాత ముప్పై, ముప్పై అయిదేళ్లు నెలనెలా ఆ ఒంట్లో ఏం జరుగుతోందో అడిగింది తక్కువ. బయటుందా, తలకు పోసుకుందా అన్నంతవరకే విచారణ. మైల తీరితే లెక్కా తీరినట్టే. ఆ అలవాటు ఒక చిక్కును మిగిల్చింది. చాలామంది తలకు పోసుకున్న రోజు నుంచి మళ్లీ ముట్టయ్యే రోజు దాకా లెక్కపెడతారు. వైద్యంలో లెక్క మొదలయ్యేది ముట్టయిన మొదటి రోజున. తర్వాతి ముట్టు మొదటి రోజుతో అది పూర్తవుతుంది. ఈ తేడా వల్ల నిక్షేపంలాంటి 28 రోజుల చక్రం ఇంటి లెక్కలో 23 రోజులై కంగారు పెడుతుంది.

గురివింద గింజ, ఆరుద్ర పురుగు

మన దేశంలో సహజమైన ముట్టుకు లక్షణాలు రాసిపెట్టిన పాత గ్రంథాల్లో చరక సంహిత ముఖ్యమైనది. నెలకోసారి రావాలి, జిగట, మంట, నొప్పి ఉండకూడదు, అయిదు రాత్రులు సాగాలి, మరీ ఎక్కువా కాకూడదు, మరీ తక్కువా కాకూడదు అంటుంది. రంగుకు గురివింద గింజను, ఎర్రతామరను, లత్తుకను, తొలకరికి నేల మీద కనిపించే ఆరుద్ర పురుగును పోలికగా చెబుతుంది. ముట్టు పన్నెండో ఏట మొదలై యాభయ్యో ఏటికి ఆగుతుందని సుశ్రుత సంహిత రాసింది. ఇప్పటి అంకెలతో పోల్చినా ఇది దూరంగా లేదు.

చరకుడి లక్షణంలో ఒక మేలు ఉంది. ఎన్నాళ్లకు వచ్చిందన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగకుండా ఎన్ని రోజులు సాగింది, ఎంత పోయింది, బాధ ఉందా అని కూడా అది అడుగుతుంది. తర్వాతి కాలంలో జనం నోట తేదీ ఒక్కటే మిగిలి, తక్కిన మూడూ జారిపోయాయి.

నెల అంటే చంద్రుడు గుర్తుకు రావడం అన్ని దేశాల్లోనూ ఉంది. ప్రాచీన గ్రీకు వైద్యుల్లో కొందరు స్త్రీలందరికీ చంద్రుడు క్షీణించేటప్పుడే ముట్టవుతుందన్నారు. క్రీ.శ. రెండో శతాబ్దిలో రోములో వైద్యం చేసిన సొరానస్ దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి రోజులు వారివే అన్నాడు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29.5 రోజులు. నక్షత్రాల మధ్య చంద్రుడు ఒక చుట్టు తిరగడానికి 27.3 రోజులు. ఇరవై ఎనిమిది ఈ రెండింటిలో దేనికీ సరిపోదు. అది సరిగ్గా నాలుగు వారాలు. గుర్తుపెట్టుకోవడానికి సులువు కనుక నిలిచిపోయిన అంకె.

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో ఈ బాధల గురించి తెలుగు స్త్రీలు చదవగలిగింది ఎక్కువగా పత్రికల్లో మందుల ప్రకటనల్లోనే. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించిన డాక్టర్ కె.ఎన్. కేసరి స్త్రీల కోసం తయారుచేసిన 'లోధ్ర' ఇంటింటికీ తెలిసిన మందు. 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టిందీ ఆయనే. బయటికి చెప్పుకోలేని బాధకు అచ్చులో చోటు దొరకడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కానీ మందు అవసరమైన ముట్టేదో, అక్కర్లేని ముట్టేదో తేల్చే లెక్క అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

లెక్క రాసిన ఆడవాళ్లు

ఆ లెక్క కట్టడానికి మొదటి తాళంచెవి జపాన్‌లో దొరికింది. నీగాతా నగరంలో వైద్యుడు క్యుసాకు ఓగినో 1924లో ఒక సంగతి నిరూపించాడు. అండం విడుదలయ్యేది తర్వాతి ముట్టుకు 12 నుంచి 16 రోజుల ముందు. ఆస్ట్రియాలో హెర్మన్ క్నాస్ విడిగా పరిశోధించి దాదాపు ఇదే మాటకు వచ్చాడు. అంటే అండం విడుదలయ్యాక రోజుల సంఖ్య పెద్దగా మారదు. మారేదల్లా ముట్టు నుంచి అండం విడుదల దాకా సాగే మొదటి భాగం. గట్టి జ్వరం వచ్చినా, బరువు ఒక్కసారిగా పెరిగినా తగ్గినా, మనసు కుదురుగా లేకపోయినా, రాత్రి షిఫ్టులతో నిద్ర చెడినా అండం ఆలస్యం కావచ్చు. అప్పుడు ముట్టూ ఆలస్యమవుతుంది.

రెండో తాళంచెవి స్త్రీల చేతిలోనే ఉంది. 1939లో అమెరికాలో లెస్లీ ఆరీ 1,500 మంది రాసుకున్న సుమారు 20,000 చక్రాల తేదీలను పరిశీలించి, ముట్టులో హెచ్చుతగ్గులు ఎంతవరకు సహజమో చెప్పే ప్రయత్నం చేశాడు. అంతకన్నా పెద్ద పని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆలన్ ట్రెలోర్‌ది. 1934 నుంచి విద్యార్థినులకు కార్డులిచ్చి తేదీలు రాయించాడు. వాళ్లు చదువు ముగించి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కన్నాక కూడా ఏళ్ల తరబడి రాస్తూనే వచ్చారు. 1967లో ఫలితం వెలువడేనాటికి 2,702 మంది స్త్రీలవి 2,75,947 చక్రాలు పోగయ్యాయి.

ఆ కార్డులు చెప్పిన సంగతి సూటిగా ఉంది. పెద్దమనిషయిన తర్వాత కొన్నేళ్లు తేదీలు బాగా అటూ ఇటూ అవుతాయి. ఇరవైల చివర, ముప్పైలలో కుదురుకుంటాయి. ముట్టాగిపోయే ముందు కొన్నేళ్లు మళ్లీ చెదురుతాయి. కుదురుగా ఉన్న వయసులో కూడా ప్రతి నెలా ఒకే అంకె రాదు. ఒక్కొక్కరికి ఒక్కో తీరు.

మాత్ర వేసిన ముద్ర

ఇంత పని జరుగుతున్నా ఇరవై ఎనిమిది చెక్కుచెదరలేదు. కారణం గర్భనిరోధక మాత్ర. 1957లో అమెరికాలో ముట్టు సమస్యలకు మందుగా, 1960లో గర్భనిరోధకంగా దానికి అనుమతి వచ్చింది. గ్రెగరీ పింకస్, జాన్ రాక్ బృందం మాత్ర మింగుతున్నా నెలనెలా ముట్టు కనిపించేలా ఏర్పాటు చేసింది. తర్వాత వచ్చిన మాత్రల్లో అది ఇరవై ఒక్క రోజులు మందు, ఏడు రోజులు విరామంగా స్థిరపడింది. మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలోనూ 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. హార్మోన్ ఆగినందువల్ల వచ్చే ఆ రక్తస్రావం గడియారం కొట్టినట్టు వస్తుంది. ఆ క్రమం మందుది. మాత్ర మానేశాక ఒంటి సొంత లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఇప్పుడు లోకమంతా ఆధారంగా తీసుకునే కొలత అంతర్జాతీయ స్త్రీవైద్యుల సమాఖ్య 'ఫిగో' 2018లో సవరించి ఇచ్చింది. మొదటి రోజు నుంచి తర్వాతి మొదటి రోజుకు 24 నుంచి 38 రోజులు సహజం. రక్తస్రావం 8 రోజుల వరకు సహజం. ఒకే స్త్రీలో అతి పొట్టి చక్రానికీ, అతి పొడుగు చక్రానికీ తేడా 26 నుంచి 41 ఏళ్ల వయసులో 7 రోజులు, అంతకు ముందూ తర్వాతా 9 రోజుల దాకా ఉండొచ్చు. ఒక యాప్‌లో నమోదైన ఆరు లక్షలకు పైగా చక్రాలను లెక్కించి పరిశోధకులు 2019లో వెల్లడించిన సగటు 29.3 రోజులు. సరిగ్గా 28 రోజులున్నవి నూటికి 13 మాత్రమే. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్టుకే లాంచ్ విండో అని కొంత వ్యవధి ఉంటుంది. ఒంటికి పద్నాలుగు రోజుల వ్యవధి ఉండటంలో వింత లేదు.

పిల్లల వ్యవధి ఇంకా పెద్దది. పెద్దమనిషయిన ఏడాది దాకా ముందువెనకలు సహజం. ఆ తర్వాత, పెద్దమనిషయి మూడేళ్లు నిండేదాకా 21 నుంచి 45 రోజుల మధ్య వస్తే చాలు. పదిహేనేళ్ల పిల్లకు స్కానింగ్‌లో అండాశయాల్లో నీటి బుడగలు కనిపించాయని పీసీఓడీ ముద్ర వేయడం తప్పు. కౌమారంలో ఉన్న పిల్లల్లో స్కానింగ్ ఆధారంగా ఆ జబ్బును నిర్ధారించకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

తేదీ చూసి రక్తాన్ని మరిచారు

ఎంత పోతోందన్న ప్రశ్నకు కొలత వచ్చింది 1960లలో. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో లీఫ్ హాల్‌బర్గ్ బృందం స్త్రీలు వాడిన ప్యాడ్లను సేకరించి రక్తాన్ని కొలిచింది. సగటున ఒక ముట్టుకు 40 మిల్లీలీటర్ల పైచిలుకు. 80 దాటితే రక్తహీనత ముంచుకొస్తుందని తేలింది. ఇంట్లో మిల్లీలీటర్లు కొలవలేం కనుక ఇప్పుడు వైద్యులు మరోలా అడుగుతారు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతోందా? పెద్ద గడ్డలు పడుతున్నాయా? పనికి, బడికి వెళ్లలేకపోతున్నారా? అవునంటే తేదీ సరిగ్గా ఉన్నా అది సహజం కాదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ ప్రశ్న ప్రాణావసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. దానికి తిండి లోపం, నులిపురుగులతో పాటు ఎక్కువగా పోయే ముట్టు కూడా కారణం. చాలామంది అమ్మలు తమ అమ్మకూ ఇంతే అని సరిపెట్టుకుని, మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని వయసు ఖాతాలో రాసేశారు.

ఓర్చుకోవడం ఒక అంచు అయితే, గర్భసంచి తీయించుకోవడం రెండో అంచు. 2015-16 సర్వేలో అదే వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. దేశమంతటా వాళ్లు చెప్పిన కారణాల్లో సగానికి పైగా ముట్టులో అధిక రక్తస్రావం, నొప్పి. మెదక్ జిల్లా గ్రామాల్లో డాక్టర్ కామేశ్వరి బృందం 2009లో చేసిన అధ్యయనం మందులతో నయమయ్యే బాధలకు కూడా చిన్న వయసులోనే ఆపరేషన్లు జరిగాయని బయటపెట్టింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ఇలాంటి ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని ఆదేశించింది. పిల్లలు పుట్టాక సంచితో పనేముంది అన్న మాట మన ఇళ్లలో తేలిగ్గా అనేస్తారు. దాంతోపాటు అండాశయాలూ పోతే ముప్పై అయిదేళ్లకే ఒంట్లో హార్మోన్లు తగ్గి ఎముకలు బోలుపడొచ్చు. అధిక రక్తస్రావానికి ఐరన్, రక్తస్రావం తగ్గించే మాత్రలు, హార్మోన్లు, హార్మోన్ లూప్ ఉన్నాయి. కారణాన్ని బట్టి ముందు వాటిని చూడాలి. కత్తి చివరి మాట.

ఇక మీ లెక్క మీరే రాయండి

2021 అక్టోబరులో మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పథకం మొదలై ప్రభుత్వ బడుల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇచ్చారు. అది మంచి పని. ప్యాడ్‌తో పాటు ఒక చిన్న కార్డు, దాని మీద తేదీలు రాసే అలవాటు కూడా పిల్ల చేతికి అందాలి. ట్రెలోర్ కార్డులు రాసినవాళ్లూ చదువుకుంటున్న ఆడపిల్లలే.

రాయాల్సింది నాలుగు ముక్కలు: మొదలైన తేదీ, ఆగిన తేదీ, రోజుకు ఎన్ని ప్యాడ్లు, నొప్పి ఎంత. మూడు నెలలు రాస్తే మీ తీరు మీకే తెలుస్తుంది. చక్రం 24 రోజుల కంటే ముందే వస్తున్నా, 38 దాటుతున్నా (పెద్దమనిషయి మూడేళ్లు నిండని పిల్లలకైతే 21 కంటే ముందే వస్తున్నా, 45 దాటుతున్నా), 8 రోజులకు మించి పోతున్నా, గర్భం లేకుండా మూడు నెలలు రాకపోయినా, మధ్యలోనో కలయిక తర్వాతో రక్తం కనిపించినా, పదిహేనేళ్లు వచ్చినా పిల్ల పెద్దమనిషి కాకపోయినా ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముట్టాగి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా ఆ వారమే వెళ్లండి. గర్భసంచి తీసెయ్యాలని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్‌కు కూడా అదే కాగితం చూపించండి. గోడ మీది క్యాలెండర్‌లో పాల లెక్క రాస్తున్నాం, గ్యాస్ బండ తేదీ రాస్తున్నాం. ఈ నెల నుంచి ఇదీ రాయండి, మీ అమ్మాయి చేత కూడా రాయించండి.