గండికోట: గోడలు, గాదె, నీరు



ముప్పది యేండ్లు బడిలో చరిత్ర చెప్పితిని. గండికోట పాఠము వచ్చినపుడెల్ల పెమ్మసాని నాయకుల పేరులు, యుద్ధముల సంవత్సరములు పిల్లలచే వల్లె వేయించితిని. ఆ కోటలోని జనులు ఏమి తిని, ఏ నీరు త్రాగి బ్రదికిరో ఒక్కనాడును చెప్పినవాడను కాను. ఉద్యోగము విరమించిన పిమ్మట కోటను కన్నులార చూచినపుడు నా లోపము నాకు తెలిసినది.

కడప మండలమున, జమ్మలమడుగునకు సుమారు 9 మైళ్ల దూరమున, ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించుచున్నది. ఆ గండిని బట్టియే కోటకు ఈ పేరు వచ్చినది. నదివైపున లోయయే నిట్టనిలువు గోడ. తక్కిన వైపుల మనుష్యులు రాతి ప్రాకారము కట్టిరి. లోపల మాధవరాయస్వామి, రంగనాథస్వామి ఆలయములు, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యాగారము, రాయలచెరువు కలవు. ఆ చెరువునీటిని గొట్టముల గుండ దింపి, దిగువ నదియొడ్డున పారేబాగ్ అను తోటను పెంచిరని అచ్చటివారు చెప్పుదురు. నేను చూచునప్పటికి తోటకు వెనుకటి శోభ లేదు.

ఫ్రాన్సుదేశపు రత్నవర్తకుడు టావెర్నియర్ 1652లో ఈ కోటకు వచ్చెను. గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా అంతకు కొలదికాలము ముందే దీనిని పట్టుకొనియుండెను. కొండమీది మైదానమున వరియు చిరుధాన్యములును పండుచుండెననియు, చిన్న ఊటలు ఆ పైరులను తడుపుచుండెననియు ఆ వర్తకుడు వ్రాసినాడు. మరియొక సంగతియు వ్రాసినాడు. మీర్ జుమ్లా ఫిరంగులు పోతపోయింపగోరి, ఆలయములలోని రాగి విగ్రహములను తెప్పించి ఒక ఫ్రెంచి పనివానికి అప్పగించెనట. గండికోట గుడిలోని ఆరు విగ్రహములు ఎంత యత్నించినను కరగలేదట. తుదకు ఒక్క ఫిరంగియైనను తయారు కాలేదు.

ఆ ధాన్యాగారము నీడన కూర్చుండి నేను ఆలోచించితిని. గోడ శత్రువును కొంతకాలము ఆపును. ముట్టడి నెలల తరబడి సాగినపుడు ప్రాణము నిలుపునవి గాదెయు చెరువునే. ఫిరంగులు కోరిన సేనాని పోయినాడు, ఏలిన నాయకులు పోయినారు. పేరు తెలియని పనివారు త్రవ్విన చెరువు మాత్రము నేటికిని ఉన్నది.

పెద్దలారా, మీ యూరి చెరువు ఎవరి కాలమున త్రవ్విరో, దాని కాలువ ఎటు పోయెడిదో మీకు తెలిసియుండును. నేను బడిలో చెప్పక విడిచిన ఆ చరిత్రను మీరు అరుగుమీద మీ మనుమలకు చెప్పుడు. సెలవు.