నడిసముద్రంలో ఇంధనం

తెరచాపలున్నన్నాళ్లు ఓడకు గాలియే ఇంధనం. ఆవిరియంత్రం వచ్చిన పిమ్మట ఆ స్వేచ్ఛ పోయినది. బొగ్గు దొరికే రేవు ఎక్కడ ఉన్నదో ఓడ దారి అటే తిరగవలసి వచ్చినది. 1839లో బ్రిటిష్ వారు ఏడెన్‌ను స్వాధీనం చేసికొన్న తరువాత దానికంత ప్రాముఖ్యం కలగడానికి బొగ్గు నిలువలు ఒక ముఖ్య కారణం.

అటువంటి రేవులు లేని రాజ్యం గతి ఏమిటో 1904లో రష్యాకు తెలిసివచ్చినది. జపానుపై యుద్ధానికి బాల్టిక్ తీరం నుండి బయలుదేరిన అడ్మిరల్ రొజెస్త్‌వెన్‌స్కీ నౌకాదళానికి ఆ సుదీర్ఘమైన దారిలో తనదని చెప్పుకోదగిన రేవు ఒక్కటీ లేదు. బొగ్గు ఎక్కించుకోనిచ్చుటకు తటస్థ రాజ్యాలు జంకినవి. జర్మనీకి చెందిన హాంబర్గ్-అమెరికా కంపెనీ ఓడలు బొగ్గు నింపుకొని దళానికి అందిస్తూ వచ్చినవి. మడగాస్కర్ తీరాన, ఉష్ణమండలపు ఎండలో, నావికులు బస్తాలు మోసినారు. మళ్లీ ఎప్పుడు దొరుకునో అన్న భయంతో డెక్కులమీదను, తాము పడుకొనే గదులలోను కూడ బొగ్గు పోసికొన్నారు. ఆ బరువుకు ఓడలు మరింత లోతుకు దిగినవి. 1905 మే నెలలో త్సుషిమా వద్ద ఆ దళం నాశనమైనది. ఓటమికి కారణాలు అనేకం. కాని ఆ బస్తాలను వదలి ఈ కథ చెప్పడం నా మట్టుకు న్యాయమనిపించదు.

నడిసముద్రంలోనే బొగ్గు అందించే ఉపాయం అప్పటికే ఒకటి ఉన్నది. 1899లో అమెరికాలో స్పెన్సర్ మిల్లర్ అనే ఇంజనీరు రెండు ఓడల నడుమ తీగ కట్టి బస్తాలు నడిపించినాడు. యుద్ధనౌకల ఆకలికి ఆ వేగం చాలలేదు.

చమురు వచ్చిన తరువాతనే చిక్కు విడిపోయినది. చమురును మోయనక్కరలేదు, గొట్టంలో పారించవచ్చును. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించి ఐర్లండుకు డిస్ట్రాయర్లను పంపినప్పుడు, 'మామీ' అనే చమురు ఓడ అట్లాంటిక్ మధ్య నిలిచి, మే 28న మొదలుపెట్టి, సాగిపోతూ ఉన్న ఓడలకే గొట్టాలతో చమురు అందించినది. అందులోని ఇంజనీరు చెస్టర్ నిమిట్జ్. ఆ ఓడ డీజిల్ యంత్రపు పళ్లచక్రాలలో పడి ఆయన ఎడమచేతి వేలు ఒకటి తెగినది. ఉంగరం అడ్డుపడి చెయ్యి దక్కినదంటారు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపినది ఈయనే. ఆ దళం రేవులకు దూరంగా నెలల తరబడి తిరగగలిగినదంటే ఈ విద్యయే ఆధారం.

నేడు పొగ తగ్గించవలసిన అగత్యం పడి ఓడలు మళ్లీ ఇంధనం మార్చుకొంటున్నవి. 2013లో స్టాక్‌హోమ్‌లో, పాత ఫెర్రీని మార్చి తయారుచేసిన 'సీగ్యాస్' అనే చిన్న ఓడ, సున్నకు దిగువ 162 డిగ్రీల చలిలో ద్రవమైన సహజవాయువును 'వైకింగ్ గ్రేస్' ప్రయాణికుల ఓడకు ప్రక్కన నిలిచి అందించసాగినది. మసి, గంధకం తగ్గిన మాట నిజమే గాని, యంత్రంలో కాలకుండ జారిపోయే మీథేను వాతావరణాన్ని బొగ్గుపులుసు వాయువుకంటె ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. 2023లో సింగపూరులో ఒక కంటైనర్ ఓడకు మరొక ఓడనుండి మిథనాల్ ఎక్కించినారు. 2024లో అక్కడనే, జురాంగ్ దీవివద్ద, 'గ్రీన్ పయనీర్' ఓడకు అమ్మోనియా ఎక్కించి చూచినారు.

వీటిలో పాత చిక్కే మళ్లీ తల ఎత్తుతున్నది. చమురిచ్చే శక్తి రావాలంటే మిథనాల్‌కు దాదాపు రెండున్నర రెట్లు, అమ్మోనియాకు సుమారు మూడు రెట్లు పెద్ద తొట్టె కావాలి. తొట్టె పెంచితే సరుకుకు చోటు తగ్గుతుంది. పెంచకపోతే దారిలో మాటిమాటికి ఆగవలసి వస్తుంది. సముద్రంమీదనే ఇంధనం అందించాలన్న ఆలోచనకు మళ్లీ బలం వచ్చినది ఇందువల్లనే. సముద్రంలోని గాలిమరలవద్ద తేలే బోయానుండి ఓడకు విద్యుత్తు ఇచ్చే యత్నాన్ని 2022లో డెన్మార్కు కంపెనీలు ప్రకటించినవి. అమ్మోనియా సంగతి అంత సులభం కాదు. అలల మీద ఊగే రెండు ఓడల నడుమ గొట్టం తెగితే చమురు నీటిని పాడుచేస్తుంది. అమ్మోనియా అయితే ముందుగా గొట్టం పట్టుకొన్న నావికుని ఊపిరి తీస్తుంది.