తెరమీది పెద్దరికం: గుమ్మడి వెంకటేశ్వరరావు నట ప్రస్థానం

కథానాయకుడు, ప్రతినాయకుడు, హాస్యనటుడు అనే మూడు కోవల్లో దేనికీ పూర్తిగా లొంగని పాత్రలు తెలుగు సినిమాలో చాలా ఉన్నాయి. తండ్రి, మేనమామ, జమీందారు, మంత్రి, గురువు, న్యాయమూర్తి వంటి ఈ పాత్రలను ధరించే నటుణ్ణి విమర్శకులు గుణచిత్ర నటుడనీ, పరిశ్రమలోనివారు క్యారెక్టర్ ఆర్టిస్టనీ వ్యవహరిస్తారు. వాల్‌పోస్టరు మీద ఇతని బొమ్మ ఓ మూలన చిన్నదిగా ఉన్నా, కథలోని చిక్కుముడి పడేది తరచు ఇతని చేతి మీదుగానే. ఇతను మాట ఇవ్వడం వల్లనో, తప్పడం వల్లనో, నిజం దాచడం వల్లనో నాయికానాయకుల కష్టాలు మొదలవుతాయి, ఇతను కళ్ళు తెరిచినప్పుడు తీరుతాయి. 1950లో తెరకు పరిచయమై, సుమారు అయిదు దశాబ్దాల కాలంలో అయిదు వందల దాకా చిత్రాల్లో నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావు ప్రస్థానాన్ని పరిశీలిస్తే, ఒక నటుడి ఎదుగుదలతో పాటు తెలుగు సమాజం పెద్దరికాన్ని చూసే చూపు ఎలా మారుతూ వచ్చిందో కూడా తెలుస్తుంది.

ముందుతరం

గుమ్మడికి ముందు తెలుగు తెరమీద వయసు మళ్ళిన పాత్రలు వేసినవారిలో చాలామంది నాటకరంగంలోనో, కథానాయక పాత్రల్లోనో అప్పటికే పేరు గడించినవారు. గోవిందరాజుల సుబ్బారావు రంగస్థలం మీద స్థిరపడిన తరువాత 1938లో వచ్చిన ‘మాలపిల్ల’లో సుందరరామశాస్త్రిగా కనిపించారు. చిత్తూరు నాగయ్య 1940లలో పోతన, త్యాగయ్య, వేమన పాత్రలతో ప్రేక్షకుల భక్తిని సంపాదించి, ఆ భక్తి తాలూకు బరువుతోనే తరువాతి కాలపు తండ్రి పాత్రల్లోకి వచ్చారు. రంగస్థలం మీద శ్రీకృష్ణుడిగా పేరు మోసిన సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వయసు మీరాక శకుని వేషం కట్టారు. వీరిని చూసే ప్రేక్షకుడి మనసులో వీరి యౌవనపు రూపం కూడా మెదులుతూనే ఉండేది.

కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో రాటుదేలిన ఎస్.వి. రంగారావు ఈ వరుసకు భిన్నమైనవారు. 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడి వేషం వేసేనాటికి ఆయనకు ఇంకా 33 ఏళ్ళు నిండలేదు. వయసుతో నిమిత్తం లేకుండా, ఆకారంతోను గంభీరమైన కంఠంతోను తెరను ఆక్రమించడం ఆయన పద్ధతి. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో అలెక్ గిన్నెస్ అనే నటుడు 1948 నాటి ‘ఆలివర్ ట్విస్ట్’లో ముసలి ఫేగిన్‌గా, మరుసటి ఏడు ‘కైండ్ హార్ట్స్ అండ్ కొరొనెట్స్’లో ఒకే కుటుంబానికి చెందిన ఎనిమిది మందిగా నటించి, గుణచిత్ర నటుడంటే చిత్రచిత్రానికీ గుర్తుపట్టలేనంతగా మారిపోయేవాడన్న అభిప్రాయానికి బలం చేకూర్చారు. గుమ్మడి దారి ఈ రెండింటిలో ఏదీ కాదు. ఆయన తెరను ఆక్రమించలేదు, వేషం చాటున మాయమూ కాలేదు. దాదాపు ఒకే రూపంతో, ఒకే గొంతుతో, మనిషిలోని తేడాలను మాత్రమే మార్చి చూపారు.

రావికంపాడు నుంచి మద్రాసుకు

1927 జూలై 9న గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతంలోని రావికంపాడు గ్రామంలో, మధ్యతరగతి రైతు కుటుంబంలో గుమ్మడి జన్మించారు. తెనాలి పరిసరాలు అప్పటికే పద్యనాటకానికి పెట్టింది పేరు. పద్యనాటకం అంటే రాగయుక్తంగా పాడే పద్యాలతో, పౌరాణిక కథలతో రాత్రంతా సాగే నాటకం. బడిలో చదువుకునే రోజుల్లో ‘పేదరైతు’ నాటకంలో ఆయన వేసిన తొలి వేషమే వృద్ధుడైన రైతుది. ఆ తరువాత దుర్యోధన పాత్రకు ప్రసిద్ధ రంగస్థల నటుడు మాధవపెద్ది వెంకట్రామయ్య దగ్గర తర్ఫీదు పొందారు. పద్యనాటకం ఆయనకు ఉచ్చారణలో స్పష్టతను, వాక్యాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో తెలిసిన నేర్పును ఇచ్చింది. అయితే రంగస్థలానికి అలవాటైన పెద్ద గొంతును, పెద్ద చేయి విసురును ఆయన కెమెరా ముందుకు తీసుకురాలేదు.

మద్రాసులో తొలి చిత్రం 1950 నాటి ‘అదృష్టదీపుడు’. ఆ తరువాత వచ్చినవి చిన్నచిన్న వేషాలే కావడంతో ఆయనకు నిలదొక్కుకోవడం కష్టమైంది. ఆ దశలో ఎన్.టి. రామారావు తన సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్ నిర్మించిన ‘పిచ్చి పుల్లయ్య’ (1953), ‘తోడుదొంగలు’ (1954) చిత్రాల్లో గుమ్మడికి ప్రధానమైన పాత్రలు ఇచ్చారు. ‘తోడుదొంగలు’లో ఆయన పాత్ర ఒక మిల్లు యజమాని, కార్మికుడి చావుకు కారకుడై, ఆ సంగతి దాచిపెట్టి, లోలోపల కుమిలిపోయే మనిషి. ఆర్థికంగా అంతగా నడవని ఆ చిత్రం రెండవ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో యోగ్యతాపత్రం పొందింది. నేరం చేసినవాణ్ణి కేవలం దుర్మార్గుడిగా కాక, తన నేరానికి తానే భయపడే మనిషిగా చూపే ఈ ధోరణి తరువాత గుమ్మడి నటనకు పునాదిగా నిలిచింది.

ఇరవై ఎనిమిదేళ్ళ తండ్రి

1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన ‘అర్ధాంగి’ గుమ్మడి జీవితానికి మలుపు. మణిలాల్ బెనర్జీ బెంగాలీ నవల ‘స్వయంసిద్ధ’ ఆధారంగా తీసిన ఈ చిత్రంలో ఆయన జమీందారు; అక్కినేని నాగేశ్వరరావు, కొంగర జగ్గయ్య ఆ జమీందారు కొడుకులు, శాంతకుమారి రెండవ భార్య. నిజ జీవితంలో అక్కినేని ఆయన కంటే పెద్దవారు, జగ్గయ్య దాదాపు ఆయన ఈడువారు, 1920లో పుట్టిన శాంతకుమారి ఆయన కంటే ఏడేళ్ళు పెద్ద. ఇరవై ఎనిమిదేళ్ళ యువకుడు తనకంటే పెద్దవాడికీ, తన ఈడువాడికీ తండ్రిగా నటించి ఒప్పించడం వేషధారణ ఒక్కదానితో జరిగే పని కాదు. జమీందారు హోదా ఉన్నా ఇంట్లో తన మాట చెల్లించుకోలేని మనిషి తటపటాయింపును ఆయన పట్టుకున్నారు. ఆ తటపటాయింపే ఆ పాత్రకు వయసునిచ్చింది.

అదే సంవత్సరం, అదే దర్శకుడు తీసిన ‘కన్యాశుల్కం’లో గుమ్మడి సౌజన్యారావు పంతులు వేషం ధరించారు. గిరీశంగా నటించిన రామారావు ఆయన కంటే నాలుగేళ్ళు పెద్దవారైనా, తెరమీద పెద్దరికం గుమ్మడిది. ఈ రెండు చిత్రాల తరువాత నిర్మాతల దృష్టిలో ఆయన స్థానం ఖాయమైపోయింది: తలకు తెల్లరంగు, భుజాన ఉత్తరీయం, కుటుంబ కథలో పెద్దకుర్చీ. ఈ స్థానం వల్ల ఆయనకు పని కరువు లేకుండా పోయింది కానీ, తెరమీద యువకుడిగా కనిపించే అవకాశమూ పోయింది. ముందుతరం నటులు యౌవనాన్ని వదిలి వార్ధక్యంలోకి వస్తే, గుమ్మడి యౌవనాన్ని దాటవేసి నేరుగా వార్ధక్యంలోకి ప్రవేశించారు.

బలరాముడు, అప్పాజీ

1957లో విజయా సంస్థ నిర్మించగా, కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’లో గుమ్మడి బలరాముడు. ఆ చిత్రం గురించి మాట్లాడేవారు ఘటోత్కచుడిగా రంగారావును, శశిరేఖగా సావిత్రిని ముందు తలుస్తారు. కానీ బలరాముడు చెల్లెలికిచ్చిన మాట తప్పకపోతే ఆ కథే లేదు. శశిరేఖను అభిమన్యుడికిస్తానని సుభద్రతో అన్న అన్నగారు, కౌరవుల పొగడ్తలకు ఉబ్బి, భార్య రేవతి మాటకు తలొగ్గి, పిల్లను లక్ష్మణకుమారుడికి ఇవ్వడానికి ఒప్పుకుంటాడు. ఆ మాట గుర్తు చేయడానికి సుభద్ర వచ్చినప్పుడు, అన్నగారిలోని కోపం, బింకం, లోపలి సంకోచం మూడూ కలగలిసి కనిపిస్తాయి. బలం ఉండి వివేకం చాలని పెద్దమనిషిని నవ్వులపాలు చేయకుండా, అలాగని వెనకేసుకురాకుండా చూపడం తేలిక కాదు. ఈ పాత్రలో ప్రేక్షకులకు పురాణపురుషుడి కంటే ముందు తమ ఇంటి పెద్ద కనిపించడానికి ఆ సమతూకమే కారణం.

1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ‘మహామంత్రి తిమ్మరుసు’ గుమ్మడికి దక్కిన అరుదైన గౌరవం. రామారావు వంటి అగ్రనటుడు శ్రీకృష్ణదేవరాయలుగా నటించిన చిత్రానికి మంత్రి పేరు పెట్టడం, ఆ మంత్రి పాత్రను గుణచిత్ర నటుడికి అప్పగించడం తెలుగు పరిశ్రమలో తరచు జరిగేది కాదు. రాయలు అప్పాజీ అని పిలుచుకునే తిమ్మరుసు, యువరాజు మరణానికి కారకుడన్న నింద మోసి కళ్ళు పోగొట్టుకుంటాడు. చూపు లేని పాత్రలో నటుడికి ప్రధాన సాధనమైన కన్ను అక్కరకు రాదు; మిగిలేవి మెడ తిప్పే తీరు, చేతి తడుములాట, మాట. తనను శిక్షించిన రాజు మీద ఆగ్రహం కంటే ఆ రాజు ఏమైపోతాడోనన్న ఆరాటమే ఎక్కువగా ఉన్న మనిషిని గుమ్మడి గొంతుతో నిర్మించారు. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్ళు మాత్రమే. ఆ సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా దీనికి రాష్ట్రపతి రజత పతకం లభించింది.

మంచితనం చాటున

ఒకే తరహా వేషాలకు పరిమితమయ్యే నటుడికి ప్రేక్షకులు అతని గురించి ముందే ఒక అభిప్రాయానికి వచ్చి ఉండటం అడ్డంకి అవుతుంది. 1963లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో వచ్చిన ‘లక్షాధికారి’ ఆ అభిప్రాయాన్నే కథకు పెట్టుబడిగా వాడుకుంది. మంచివాడిగా కనిపించే గుమ్మడి పాత్ర చాటున దుర్మార్గం ఉన్నదని తెలిసేసరికి హాల్లో కూర్చున్నవారు నివ్వెరపోయారంటే, అది ఎనిమిదేళ్ళుగా ఆయన కూడబెట్టుకున్న నమ్మకం చలవే. 1976లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘జ్యోతి’లో జయసుధ ధరించిన యువతి పాత్రను పెళ్ళాడే వయోధికుడి వేషమూ ఇటువంటిదే, ఆ పెళ్ళి ప్రేక్షకుడికి జుగుప్స కలిగించకుండా విషాదంగా తోచాలంటే ఆ స్థానంలో నమ్మదగిన పెద్దమనిషి ఉండాలి. పౌరాణికాల్లో కూడా ‘పాండవ వనవాసం’ (1965) ధర్మరాజు వంటి, ఓర్పే బలమూ బలహీనతా అయిన పాత్రలు ఆయనకు చక్కగా అమరాయి.

రంగారావు పోషించిన జమీందారు ఇంట్లోకి అడుగుపెడితే మిగతావారంతా లేచి నిలబడతారు. గుమ్మడి జమీందారు వస్తే ఎవరో ఒకరు వెళ్ళి ఆయన చెవిలో ఏదో చెబుతారు. మొదటివాడి పెద్దరికం శాసనం, రెండవవాడిది బాధ్యత; శాసనం ధిక్కారంతో కూలుతుంది, బాధ్యత మొహమాటంతో చెడుతుంది. 1974లో రంగారావు మరణించాక శాసించే పాత్రలు ఎక్కువగా కైకాల సత్యనారాయణ వైపు మళ్ళాయి. బాధ్యత మోసే పాత్రలకు గుమ్మడి తరువాత అంత స్థిరమైన వారసుడు దొరకలేదు.

ఖాళీ అయిన పెద్దకుర్చీ

1977లో గుమ్మడికి పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ కాలానికే పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలడం ఊపందుకుంది. నటులతో పాటు ప్రేక్షకుల జీవితమూ మారుతోంది. హైదరాబాదులో విజయవాడ రహదారి పొడవునా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్, మన్సూరాబాద్ ప్రాంతాల్లో నల్లగొండ నుంచీ కోస్తా జిల్లాల నుంచీ వచ్చిన ఉద్యోగులు, చిరువ్యాపారులు చిన్న కుటుంబాలుగా స్థిరపడుతూ వచ్చారు. ఊళ్ళో పొలంతో పాటు ఉండిపోయిన తండ్రికి ఈ కాలనీ ఇళ్ళలో నిర్ణయాధికారం లేదు. కొడుకు పెళ్ళిని, ఆస్తి పంపకాన్ని ఒక్క మాటతో తేల్చే పెద్ద లేని ప్రేక్షకులకు ఆ పెద్ద చుట్టూ తిరిగే కథలు క్రమంగా పాతబడ్డాయి. దూరదర్శన్‌లో వారాంతాన వచ్చే పాత చిత్రాల్లో మాత్రం గుమ్మడి తండ్రులు అవే ఇళ్ళలోకి మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

ఈ మార్పు గుణచిత్ర నటుడికి ఒక కొత్త అవకాశాన్ని కూడా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన నంది పురస్కారాల్లో 1980, 1981 సంవత్సరాలకు ఉత్తమ నటుడిగా ఎంపికైనవారు ఎం. ప్రభాకరరెడ్డి, 1982కు ‘మరో మలుపు’ చిత్రానికి గుమ్మడి. తుంగతుర్తిలో పుట్టి, ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, వైద్యం వదిలి నటుడైన ప్రభాకరరెడ్డికి ‘యువతరం కదిలింది’, ‘పల్లె పిలిచింది’ చిత్రాలకు ఆ గుర్తింపు వచ్చింది. వరుసగా మూడేళ్ళు ఉత్తమ నటుడి పురస్కారం కథానాయకులను దాటి గుణచిత్ర నటులకు చేరడం యాదృచ్ఛికం కాదు. సామాజిక సమస్యలను నేరుగా చర్చించే చిన్న చిత్రాలు వచ్చిన ఆ స్వల్పకాలంలో పెద్దమనిషి ఇంటి గడప దాటి వీధిలోకి వచ్చాడు. కుటుంబ గౌరవానికి బదులు న్యాయం గురించి మాట్లాడాడు.

ఆ కాలం ఎక్కువ రోజులు నిలవలేదు. 1985లో ‘ప్రతిఘటన’, 1987లో ‘అహ నా పెళ్ళంట’ చిత్రాలతో కోట శ్రీనివాసరావు స్థాపించిన కొత్త నమూనాలో వయసు మళ్ళిన మనిషి క్రూర రాజకీయవేత్తగానో, నవ్వు పుట్టించే పిసినారిగానో మారాడు. కోట ప్రతిభ గొప్పదే. కానీ ఆ నమూనాలో పెద్దవాణ్ణి ఎదిరించాలి లేదా ఎగతాళి చేయాలి, అతని తప్పును చూసి బాధపడే వీలు తక్కువ. గుమ్మడి నటనకు కావలసింది సరిగ్గా ఆ వీలే. దీనికి తోడు ఆయన కంఠం అనారోగ్యంతో దెబ్బతిన్నది. చిత్రీకరణ తరువాత స్టూడియోలో పెదవుల కదలికకు సరిపడేలా మాటలను మళ్ళీ చెప్పించే డబ్బింగు పద్ధతిలో మరొకరి గొంతు వాడుకోవడం మామూలే అయినా, అది ఆయనకు రుచించక నటనను తగ్గించుకున్నారు. చలనచిత్ర పురస్కారాల నిర్ణేతల సంఘాల్లో సభ్యుడిగా పనిచేశారు, ‘తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు’ పేరుతో ఆత్మకథ రాశారు, 1998లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 2010 జనవరి 26న హైదరాబాదులో మరణించారు.

తెలుగు సినిమా చరిత్రను కథానాయకుల తరాలుగా విభజించి రాయడం ఆనవాయితీ. ఆ లెక్కలో గుమ్మడి ఎన్నో చిత్రాలకు సహాయక నటుడు మాత్రమే. తెరమీద ఎవరి నిర్ణయం కథను నడిపిందన్న ప్రశ్నతో అదే చరిత్రను చదివితే, 1955 మొదలు 1982 దాకా ఆయన ధరించిన పాత్రలు ఒక వరుసలో నిలుస్తాయి: భార్య మాటకు లొంగిన జమీందారు, పొగడ్తకు పడిపోయిన అన్న, నింద మోసిన మంత్రి, ముసుగు తొలగిన పెద్దమనిషి, చివరికి వీధిలోకి వచ్చిన వృద్ధుడు. పెద్దవాళ్ళు తప్పు చేస్తారని తెలుగు తెర చాలాసార్లు చెప్పింది. తప్పు చేసిన పెద్దవాణ్ణి గౌరవం పోకుండా ప్రశ్నించవచ్చని నేర్పిన నటుల్లో గుమ్మడిది మొదటి స్థానం.