హోప్ ఐలాండ్: పటాలు చెప్పే ఇసుక చరిత్ర

కాకినాడకు, బంగాళాఖాతానికి నడుమ అడ్డుకట్టలా సాగిన సన్నని ఇసుక నేల హోప్ ఐలాండ్. గోదావరి సముద్రంలో కలిపిన ఇసుకను కెరటాలు, తీర ప్రవాహాలు ఉత్తర దిశగా నెట్టుకురాగా, సుమారు రెండు శతాబ్దాల కాలంలో ఇది రూపుదిద్దుకుంది. పొడవు దాదాపు 16 కిలోమీటర్లు. దీవి అని వ్యవహరిస్తున్నా, నిజానికి ఇది డెల్టా అంచు నుంచి మొదలై సముద్రంలోకి పెరిగిన ఇసుక మేట. దీని చాటునే కాకినాడ రేవులో ఓడలు నిలుస్తాయి, కోరింగ మడ అడవులు పెరుగుతాయి. ఆ రక్షణ విలువ చిన్నది కాదు. 1789 నాటి ఉప్పెనలో ఒక్క కోరింగ ప్రాంతంలోనే సుమారు 20 వేల మంది మరణించారని అంచనా. 1839లో మరో తుపాను అదే తీరాన్ని దెబ్బతీసింది.

ఇటువంటి నేలకు శాసనాలుండవు. దాని చరిత్రను పాత పటాల్లోనే వెదకాలి. వాటిని పోల్చడం మాత్రం తేలిక కాదు. నావికుల పటాలు ప్రధానంగా లోతులను చూపడానికి గీసినవి. సర్వే పటాల్లోని తీరరేఖ సాధారణంగా పోటు నీటి గీత. ఉపగ్రహం తాను దాటిన క్షణంలో నీరు ఎక్కడుందో దానినే చూపుతుంది. వాలు తక్కువగా ఉన్న ఇసుక తీరంలో నీటిమట్టం ఒక అడుగు మారితే ఆ గీత పదుల మీటర్లు జరుగుతుంది. అందుకే కదలని గుర్తుల ఆధారంగా పటాలను ముందు ఒకే కొలతకు తెస్తారు. ఇసుక మీద అటువంటి గుర్తులు అరుదు.

ఈ జాగ్రత్తలతో చేసిన అధ్యయనాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించినది ముఖ్యమైనది. 1965-2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. 1990 వరకు ఏటా 1.39 చదరపు కిలోమీటర్లుగా ఉన్న కోత ఆ తర్వాతి దశాబ్దంలో 2.32కు చేరింది. ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవడమే ప్రధాన కారణమని ఆ బృందం తేల్చింది. 1970వ దశకంలో 15.02 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు, 2000-06 నాటికి 5.72 కోట్ల టన్నులకు తగ్గింది. హోప్ ఐలాండ్‌కు కూడా ఇసుకను సమకూర్చేది ఆ నదే.

దీవికి ఉత్తరాన ఉన్న ఉప్పాడ పరిస్థితి వేరు. దక్షిణం నుంచి తీరం వెంట రావలసిన ఇసుకలో కొంత హోప్ ఐలాండ్ వద్దే నిలిచిపోవడం అక్కడి కోతకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.