థ్రాంబోఎలాస్టోగ్రఫీ

థ్రాంబోఎలాస్టోగ్రఫీ అనేది రక్తం గడ్డకట్టే తీరును రోగి చెంతనే కొలిచే పరీక్ష. దీనిని సంక్షిప్తంగా టెగ్ అంటారు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుంది, గడ్డ ఎంత గట్టిగా ఉంది, తరువాత ఎంత త్వరగా కరుగుతుంది అనే మూడు విషయాలను ఇది ఒకే రేఖాచిత్రంలో చూపుతుంది. గుండె శస్త్రచికిత్స, కాలేయ మార్పిడి వంటి అధిక రక్తస్రావానికి అవకాశమున్న చికిత్సలలో దీనిని వాడతారు.

ఆవశ్యకత

శస్త్రచికిత్సలో రక్తస్రావం ఆగకపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. తెగిన రక్తనాళం మూసుకోకపోవడం మొదటిది. దానికి కుట్టు వేయాలి. రక్తానికి గడ్డకట్టే శక్తి తగ్గడం రెండవది. దానికి లోపించిన పదార్థాన్ని ఎక్కించాలి. ఈ తేడా తెలియకపోతే రోగికి అనవసరంగా రక్తపదార్థాలు ఎక్కించడమో, కుట్టు వేయవలసిన చోట విలువైన సమయం వృథా కావడమో జరుగుతుంది. ప్రయోగశాలలో చేసే ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్ష ఫలితం రావడానికి తరచు అరగంటకు పైగా పడుతుంది. అంతేగాక అది ప్లాస్మాపై జరిగేది కనుక ప్లేట్‌లెట్ల పాత్రను చూపదు. టెగ్‌ను ప్లాస్మా వేరుచేయని రక్తంపై చేస్తారు.

చరిత్ర

ఈ పద్ధతిని 1948లో జర్మనీకి చెందిన హెల్ముట్ హార్టెర్ట్ వెల్లడించాడు. 1980లలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కాలేయ మార్పిడి చికిత్సలలో వాడిన తరువాత దీనికి ప్రాచుర్యం పెరిగింది.

పనిచేసే విధానం

సంప్రదాయ యంత్రంలో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన చిన్న గిన్నెలో 0.36 మిల్లీలీటర్ల రక్తం పోస్తారు. సన్నని తీగకు వేలాడే ఒక సూది అందులో మునిగి ఉంటుంది. గిన్నె అటూ ఇటూ నెమ్మదిగా తిరుగుతుంది. రక్తం ద్రవంగా ఉన్నంతసేపు సూది కదలదు. ఫైబ్రిన్ పోగులు గిన్నెనూ సూదినీ కలిపేకొద్దీ సూది కూడా గిన్నెతో పాటు కదులుతుంది. ఆ కదలికే రేఖగా నమోదవుతుంది. రోటెమ్ అనే మరో యంత్రంలో గిన్నె స్థిరంగా ఉండి సూది తిరుగుతుంది.

ఫలితాలు

* ఆర్ సమయం: గడ్డకట్టడం మొదలయ్యే వరకు పట్టే కాలం. ఇది పెరిగితే స్కందన కారకాల కొరతగాని, హెపారిన్ ప్రభావంగాని కారణం కావచ్చు. కొరత ఉంటే ప్లాస్మా ఎక్కిస్తారు. హెపారిన్‌కు ప్రోటమిన్ విరుగుడు.
* ఆల్ఫా కోణం: గడ్డ బలపడే వేగం. ఇది తగ్గితే ఫైబ్రినోజన్ లోపాన్ని అనుమానిస్తారు.
* ఎం.ఏ.: గడ్డ గరిష్ఠ బలం. ఇది ప్రధానంగా ప్లేట్‌లెట్లపైన, కొంత ఫైబ్రినోజన్‌పైన ఆధారపడుతుంది.
* ఎల్‌వై 30: గరిష్ఠ బలం చేరిన 30 నిమిషాలలో గడ్డ కరిగిన శాతం. ఇది ఎక్కువైతే ట్రానెక్సామిక్ ఆమ్లం ఇస్తారు.

పరిమితులు

ఆస్పిరిన్ వంటి మందుల వలన ప్లేట్‌లెట్లలో కలిగే లోపాన్ని సాధారణ టెగ్ గుర్తించలేదు. రక్తాన్ని 37 డిగ్రీలకు వేడిచేసి పరీక్షించడం వలన, శరీరం చల్లబడినందువల్ల కలిగే లోపమూ మరుగున పడుతుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లో గుండె శస్త్రచికిత్సలకు టెగ్, రోటెమ్ పరీక్షలను సిఫారసు చేసింది; ప్రమాద గాయాలు, ప్రసవానంతర రక్తస్రావం విషయంలో మాత్రం ఆధారాలు చాలవని పేర్కొన్నది.